ఛుట్టీ ఎవరిది?

(ఎల్లారెడ్డిపేటలో బీడీ కార్మిక స్త్రీలు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు కలుసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎల్లారెడ్డిపేటకు వచ్చినప్పుడల్లా మనం మాట్లాడుకున్నవి కూలి రేట్లు, పీఎఫ్ కార్డులు, కట్నం కేసులు, గల్ఫ్‌లో చిక్కుకుపోయిన భర్తల సంగతులు. ఈసారి సంఘంలోని పది కుటుంబాలు కలిసి అయిదు రోజులు అరకు పోదామనుకుంటున్నాయనీ, దాని గురించి మాట్లాడమనీ అడిగారు. "కొండలు చూసొచ్చుడు కూడా హక్కుల ముచ్చటేనా మేడం?" అని ఒక చెల్లె నవ్వుతూ అడిగింది. నిజంగానే అడగాల్సిన ప్రశ్న అది. నా జవాబు ముందే చెప్తాను. ఇది హక్కుల విషయమే. పైగా మన ఇళ్లలో ఎవరి శ్రమ కనిపిస్తుంది, ఎవరిది కనిపించదు అన్నది కూలి రేటు కన్నా ఇందులోనే తేటగా బయటపడుతుంది.

ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన మాట ఒకటుంది, ఛుట్టీ. "మా ఆయన ఛుట్టీ మీద వస్తుండు" అంటారు. దుబాయి నుంచో, సౌదీ నుంచో రెండేళ్లకోసారి వచ్చే మగవాడి సెలవు అది. అతను వచ్చిన రోజు నుంచీ ఇంట్లో ఆడమనిషికి చుట్టాల వంటలు, మర్యాదలు, అప్పుల లెక్కలు, మళ్లీ పంపించే ఏర్పాట్లు. అతని ఛుట్టీ ఆమెకు అదనపు పని. సిరిసిల్లలో సాంచెలు నడిపే కార్మికుడికి కరెంటు పోతేనో, నూలు రాకపోతేనో సాంచె ఆగుతుంది. అది విశ్రాంతి కాదు, కూలి పోవడమే, కానీ చేతులైనా ఆగుతాయి. బీడీలు చేసే అక్క చేతిలోని చాట కింద పెడితే పొయ్యి దగ్గరికి పోతుంది, పొయ్యి ఆరితే మళ్లీ చాట. "నీ ఛుట్టీ ఎప్పుడు?" అని మీలో ఎవరినైనా ఎవరైనా అడిగారా?

ఇది మన ఊరి కథ మాత్రమే కాదు. కేంద్ర ప్రభుత్వం 2024లో దేశమంతటా జనం రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేయించింది. సొంత ఇంటివాళ్ల కోసం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఆ పని మీద పెడుతున్నారని తేలింది. 289 నిమిషాలంటే దాదాపు 5 గంటలు. దాని మీద బీడీల పని వేరే.

మా ఇంటి అనుభవం ఒకటి చెప్పనివ్వండి. నా చిన్నప్పుడు మా నాన్న ఉద్యోగంలో ప్రయాణ రాయితీ వస్తే అందరం ఊటీ పోయాం. హోటల్లో తింటే ఖర్చని కిరోసిన్ స్టవ్, బియ్యం, పప్పు, పచ్చళ్ల సీసాలు అన్నీ మోసుకుపోయాం. అక్కడ ఎత్తు ఎక్కువ కాబట్టి నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, పప్పు తొందరగా ఉడకదు. మేము తోటలు, సరస్సు తిరిగి వచ్చేసరికి అమ్మ ఆ స్టవ్ ముందే ఉండేది. చాలా ఏళ్లకు "ఊటీలో ఏం చూశావమ్మా?" అని అడిగితే, "అక్కడ పప్పు ఎంతకీ ఉడకలేదే" అన్నది. నాన్న సెలవు పెట్టాడు. అమ్మకు పెట్టడానికి సెలవే లేదు. వంటిల్లు ఇల్లు దాటి కొండెక్కింది, అంతే.

అందుకే యాత్ర గురించి ఆలోచించే ముందు సెలవు గురించి ఆలోచించాలి. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణ విశ్రాంతినీ, తీరిక సమయాన్నీ, వేతనంతో కూడిన సెలవులనూ ప్రతి మనిషి హక్కుగా చెప్పింది. స్త్రీల పట్ల వివక్షను రూపుమాపే ఒప్పందం 1979లో వచ్చింది, 1993లో భారతదేశం దానిని ఆమోదించింది. వినోదంలో, ఆటల్లో, సాంస్కృతిక జీవితంలో స్త్రీలకు సమాన హక్కు ఉండాలని దాని 13వ అధికరణ అంటుంది. ఫ్రాన్సులో 1936లో పెద్ద సమ్మెల తర్వాత కార్మికులు రెండు వారాల వేతన సెలవు సాధించుకున్నారు. సెలవు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, కొట్లాడి తెచ్చుకున్నది.

మనకు ఇంకా దగ్గరి సంగతి. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం 20 రోజుల పనికి 1 రోజు చొప్పున వేతనంతో సెలవు ఇవ్వాలన్నది. ఇంట్లో కూర్చుని బీడీలు చేసేవాళ్లకు ఆ సెలవు వేతనం కట్టేటప్పుడు రోజు అంటే ఏమిటో కూడా అందులో రాశారు. అంటే చట్టం మిమ్మల్ని కార్మికులుగానే గుర్తించింది. ఇరవై ఏళ్లు బీడీలు చేసిన ఒక అక్కని ఈ మాట అడిగితే, "సెలవు పైసలా? ఆకు తక్కువిచ్చి బీడీలు ఎక్కువ అడుగుతరు గని, సెలవెవరిస్తరు?" అన్నది. ఇప్పుడు ఆ చట్టం వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులోనూ 20 రోజులకు 1 రోజు అనే లెక్కే ఉంది. కానీ ఏడాదిలో 180 రోజులు పని చేసి ఉండాలన్నారు. ఇక్కడ ఆగి లెక్క చూడండి. నెలకు 15 రోజుల పని దొరికితే ఏడాదికి సరిగ్గా 180. నెలకు ఒక్క రోజు తగ్గినా ఆ గీత కిందికి పోతాం. పని దినాలు తగ్గించడమంటే కూలిని తగ్గించడమే కాదు, సెలవును కూడా లాక్కోవడం. ఇంటి దగ్గర పని చేసే కార్మికురాలిని ఈ లెక్కలో ఎక్కడ పెడతారో కార్మిక శాఖ అధికారులను రాతపూర్వకంగా అడగడం మన మొదటి పని కావాలి.

ఇక అరకు సంగతికి వద్దాం. మీరు వేసుకున్న పథకం కాగితం చూశాను. ఎవరి కుటుంబంలో ఎంతమంది, తలా ఎంత, ఏ బండి, ఏం చూడాలి అన్నీ రాశారు. రెండు విషయాలు మాత్రం లేవు. వంట ఎవరు చేస్తారన్నది లేదు. సంఘంలోనే ఉన్న ఇద్దరు అక్కల పేర్లు లేవు. ఒకామె భర్త చనిపోయిన మనిషి, ఇంకొకామెను భర్త వదిలేశాడు. ఎందుకు లేవని అడిగితే, "కుటుంబాలతోటి పోతున్నం గద మేడం" అన్నారు. తల్లీ ఇద్దరు పిల్లలూ కుటుంబం కాదా? మగవాడు ఉంటేనే కుటుంబం అనుకుంటే గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లు కూడా కుటుంబాలు కావు. మరి ఆ ఇళ్లను ఇన్నేళ్లు నడిపింది ఎవరు? మూడో అక్క తన పేరు తనే కొట్టేసింది. మంచంలో ఉన్న అత్తను ఎవరు చూస్తారని. ఆమె భర్త, కొడుకు పేర్లు మాత్రం కాగితంలో అట్లాగే ఉన్నాయి. ఆ ముసలమ్మ కన్నకొడుకు యాత్రకు పోవచ్చు, కోడలు ఆగిపోవాలి. దీన్ని ఎవరూ అన్యాయం అనలేదు, అదే నాకు భయం వేసింది.

కాబట్టి ఈ పథకాన్ని తిరగరాద్దాం. తేదీ దగ్గర మొదలుపెడదాం. రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 2024 నవంబరు నుంచి ఇదే నియమం. కాబట్టి రెండు నెలల ముందే తేదీ తేల్చుకోవాలి. దసరా సెలవులు వద్దు. బతుకమ్మకు తల్లిగారింటికి పోవడం స్త్రీలకు మిగిలిన ఒకే ఒక్క ఛుట్టీ, దాన్ని దీనికి బలి పెట్టొద్దు. నెలసరి వస్తుందేమోనని జాతరలకు పోయేముందు వేసుకున్నట్టు మాత్రలు డాక్టరును అడగకుండా మింగొద్దు. దారిలో బాత్రూములు ఎక్కడున్నాయో ముందే కనుక్కుంటే చాలు. నెలసరి వస్తే యాత్ర చెడిపోదు.

దారి సంగతి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్ లేదు. సిరిసిల్ల మీదుగా సికింద్రాబాదు జూబ్లీ బస్ స్టేషను దాకా మీకు ఖర్చు లేనట్టే. అక్కడి నుంచి రాత్రి రైలుకు విశాఖపట్నం. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైన ఉచిత బస్సు అక్కడి స్త్రీలకే, కనుక ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి. విశాఖ నుంచి ఉదయం కిరండూల్ పోయే ప్యాసింజరు బొర్రా గుహల మీదుగా, ఎన్నో సొరంగాలు దాటుకుంటూ అరకు చేరుతుంది. అక్కడ రెండు రాత్రులు. నాలుగో రోజు కిందికి దిగి సముద్రం చూసి, రాత్రి రైలెక్కితే అయిదో రోజు ఇల్లు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చలికాలంలో పిల్లలకు, ముసలివాళ్లకు ఉన్ని బట్టలు తప్పవు.

మీ కాగితంలో రాత్రికి రాత్రి ఘాట్ రోడ్డు ఎక్కే ప్రైవేటు బస్సు ఉంది. దాన్ని కొట్టేయమంటాను. 2021 ఫిబ్రవరి 12న హైదరాబాదు నుంచి అరకు పోయిన ఒక పెద్ద కుటుంబం బస్సు అనంతగిరి ఘాట్‌లో డుముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, పైన ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లకు కొట్టుకుపోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. చీకట్లో ఘాట్ వద్దనడానికీ, స్థానికులను అడగకుండా పిల్లలను వాగులో దింపొద్దనడానికీ, డ్రైవరును "ఆపు" అనడానికీ స్త్రీల మాట చెల్లాలి. "ఆడోళ్లకు అన్నీ భయాలే" అన్న వెక్కిరింత చాలా ప్రాణాలకు ముప్పు తెస్తుంది.

వంట సంగతి. స్టవ్ మోసుకుపోవద్దు. తిండి డబ్బు మొదటే లెక్కలో వేయండి, అందుకు అవసరమైతే ఒక రోజు తగ్గించుకోండి. నాలుగు రోజుల నిజమైన సెలవు, అయిదు రోజుల వంట కన్నా మేలు. అంత డబ్బు కూడితే కష్టమనుకుంటే ఆదిలాబాదు కొండలు మనకు దగ్గరే. కుంటాల జలపాతం చూసి రావడానికి రాష్ట్రం దాటక్కర్లేదు. పిల్లల బట్టలు ఉతకడం, చంటిపిల్లలను ఎత్తుకోవడం, మందులు చూసుకోవడం మగవాళ్ల పేర్ల ఎదుట రాయండి. డబ్బు లెక్కల పుస్తకం, టికెట్లు స్త్రీల చేతిలో ఉండాలి.

ఇంకొక్క మాట. అరకు ఖాళీ దృశ్యం కాదు. అక్కడా మనలాంటి స్త్రీలే ఉన్నారు, కాఫీ తోటల్లో, సంతల్లో, కట్టెల మోపుల కింద. బొర్రా గుహలున్న అనంతగిరి మండలంలో ఆదివాసుల భూములను గనులకు లీజుకిచ్చిన వ్యవహారం మీదే సుప్రీంకోర్టు 1997లో సమతా తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ఆదివాసేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజులు చెల్లవన్నది. యాత్రికుల కోసం రాత్రిపూట థింసా ఆడే స్త్రీలను చూసినప్పుడు, వాళ్లకు కూలి ఎంత ఇస్తున్నారని అడగండి. ఫోటోకు ముందు అనుమతి అడగండి. మన విశ్రాంతి ఇంకో స్త్రీ చాకిరీ మీద నిలబడకూడదు.

చివరగా, ఈ సాయంత్రం ఇక్కడి నుంచి లేచేలోగా మీరు తేల్చవలసినవి మూడు. ఆ ఇద్దరు అక్కల పేర్లు కాగితంలో చేరుతాయా? మంచంలో ఉన్న అత్త దగ్గర ఆమె కొడుకు రెండు రోజులు, కూతురు రెండు రోజులు ఉండేట్టు సంఘం వెళ్లి మాట్లాడుతుందా? వేతనంతో సెలవు కోసం కార్మిక శాఖకు రాసే అర్జీ మీద ఎంతమంది సంతకం చేస్తారు? వీటికి జవాబు దొరక్కపోతే అరకు పోయినా మీ ఇళ్లే అక్కడికి పోయినట్టు. దొరికితే, రైలు ఎక్కకముందే మీ ఛుట్టీ మొదలైనట్టు.

కాగితం ఇదిగో. పెన్ను కూడా ఉంది. ఎవరు రాస్తారు?