తేదీకి ఇవతల, తేదీకి అవతల

(హుజూర్‌నగర్‌లో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత న్యాయశాఖ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



మానవ హక్కుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను వక్తను కాను. కోర్టులో మిసిళ్లు కట్టి, తేదీలు వేసి, వయసు పైబడ్డాక ఇంటికి వచ్చినవాణ్ణి. కనుక నాకు తెలిసిన తేదీల గురించే మాట్లాడతాను.

డిసెంబర్ 10 మానవ హక్కుల దినం. డిసెంబర్ 17 మన దినం. ఈ రెంటికీ మధ్య వారం రోజులే దూరం. కానీ మనలో చాలామంది మొదటిది ఎవరో ఉద్యమకారుల వ్యవహారమనీ, రెండోది డి.ఏ. బకాయిల వ్యవహారమనీ అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. 48 దేశాలు అవునన్నాయి, 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి, కాదన్నవారు లేరు. అదే ఏడాది సెప్టెంబర్‌లో నైజాం చేసిన ఫిర్యాదు భద్రతామండలి ముందుకు వచ్చిందీ ఆ పారిస్‌లోనే. అంటే మన హైదరాబాద్ సంస్థానం పేరు వినిపించిన ఊళ్లోనే, మూడు నెలలు తిరక్కుండా, విచారణ లేకుండా ఎవరినీ దోషి అనరాదని, తన వాదన చెప్పుకునే సదుపాయం ప్రతి నిందితుడికీ ఉండాలని రాసుకున్నారు. 25వ అధికరణంలో వృద్ధాప్యం అన్న మాట కూడా ఉంది. ముసలితనంలో పూట గడవడం కూడా హక్కేనని దాని అర్థం.

పారిస్‌లో కాగితం మీద సిరా ఆరకముందే మన జిల్లాలో పరీక్ష మొదలైంది. పోలీసు చర్య తర్వాత సాయుధ పోరాట కాలపు కేసుల విచారణకు మిలిటరీ గవర్నర్ ప్రత్యేక ట్రిబ్యునళ్లను ఏర్పాటు చేశారు. అప్పటి నల్లగొండ జిల్లా కేసుల్లో హత్యానేరాల మీద పన్నెండు మందికి ఉరిశిక్ష పడింది. 1949 డిసెంబర్‌లో హైదరాబాద్ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. వాళ్లు నేరం చేశారా లేదా అన్నది ఇవాళ నేను తేల్చే సంగతి కాదు. చనిపోయినవారికీ ఆలుబిడ్డలున్నారు. నేను చెప్పేది విచారణ గురించి. మాకు వకీలును పెట్టుకునే అవకాశం సరిగా ఇవ్వలేదన్నది ముద్దాయిల మొర.

వాళ్ల తరఫున సుప్రీంకోర్టులో వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టర్ వచ్చాడు. హాంకాంగ్‌లో నిర్బంధంలో ఉన్న హోచిమిన్ కోసం ప్రీవీ కౌన్సిల్‌లో నిలబడినవాడు. తర్వాత కెన్యాలో జోమో కెన్యాట్టా తరఫున వాదించినవాడూ ఆయనే. ఒక మచ్చ కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. 1936లో స్టాలిన్ మాస్కోలో జరిపించిన విచారణలు సక్రమమైనవేనని సమర్థించినవాడు కూడా ఈ ప్రిట్టే. నల్లగొండలో కనపడిన అన్యాయం ఆయనకు మాస్కోలో కనపడలేదు. మనిషన్నాక అంతే.

ఆ వాదనల్లో అమెరికా కేసు ఒకటి వచ్చింది. 1931లో అలబామా రాష్ట్రంలో తొమ్మిది మంది నల్లజాతి కుర్రవాళ్ల మీద మానభంగం కేసు పెట్టి, వకీలు సహాయం పేరుకు మాత్రమే చూపి, ఎనిమిది మందికి మరణశిక్ష వేశారు. 1932లో అక్కడి సుప్రీంకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. ఎక్కడి అలబామా, ఎక్కడి నల్లగొండ! మన సుప్రీంకోర్టు తన తీర్పులో ఆ కేసును చర్చించింది. చర్చించి, వకీలు లేనంత మాత్రాన ప్రతి విచారణా చెల్లకుండా పోదంది. అది 1951 మార్చి. అంతకుముందే, 1950 డిసెంబర్‌లో, అప్పీలు కుదరదని చెప్పేసింది. కారణం ఏమిటనుకున్నారు? తేదీ. రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. హైకోర్టు తీర్పులు అంతకు ఆరు వారాల ముందువి. రాజ్యాంగం ఇచ్చిన అప్పీలు హక్కు వెనక్కి నడవదన్నారు.

ఆరు వారాలు! సర్వీసు లెక్కలో ఒక్కరోజు తక్కువై ఇంక్రిమెంటు పోగొట్టుకున్నవాళ్లు ఈ సభలో ఉన్నారు. వాళ్లకు ఈ బాధ నేను వివరించనక్కర్లేదు. విదేశాల నుంచి కూడా విజ్ఞప్తులు వచ్చాయి. చివరకు ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. ప్రాణాలు దక్కాయి. అయితే దక్కింది క్షమాభిక్ష వల్ల, హక్కు వల్ల కాదు.

వకీలు లేని పేదవాడికి ప్రభుత్వమే వకీలును ఇవ్వాలన్న మాట సుప్రీంకోర్టు నోట గట్టిగా రావడానికి 1978లో హోస్కోట్ కేసు, 1979లో బీహారు ఖైదీల హుస్సేనారా ఖాతూన్ కేసు దాకా ఆగవలసి వచ్చింది. మధ్యకాలంలో మన రాష్ట్రంలో పార్వతీపురం, సికింద్రాబాద్ కుట్రకేసుల్లో ముద్దాయిల పక్షాన నిలిచిన కన్నబిరాన్ గారి వంటివారు ఆ మాటను కోర్టుల్లో అడుగుతూనే ఉన్నారు. ఆయన 2010లో పోయారు.

ఇప్పుడు మన నకారా గారి దగ్గరకు వస్తాను. ఆయన రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా చేసి 1972లో రిటైరయ్యారు. 1979లో కేంద్రం పింఛను లెక్క మెరుగుపరిచి, 1979 మార్చి 31న గాని, ఆ తర్వాత గాని దిగిపోయినవారికే వర్తిస్తుందన్నది. అంతకు ముందు రోజు దిగినవాడికి పాత లెక్కే. నకారా గారూ, మరొకరూ, కామన్ కాజ్ అనే సంస్థా కలిసి కోర్టుకెక్కారు. 1982 డిసెంబర్ 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తేదీని కొట్టివేసింది. జస్టిస్ దేశాయి తీర్పు రాశారు. మన తెలుగువారు చిన్నపరెడ్డి గారు ఆ ధర్మాసనంలో ఒకరు. పింఛను యజమాని దయతో ఇచ్చే ఇనాం కాదు, చేసిన చాకిరీకి రావలసిన హక్కు అన్నారు. 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో చెప్పిన మాటే ఇది. ఇక్కడ తేదీని కూడా నిలదీశారు. మన వాళ్లను 1950లో ఆపింది తేదీయే. ముప్పై రెండేళ్ల తర్వాత అదే సుప్రీంకోర్టు ఒక తేదీని పక్కకు తోసింది. రెండూ ఒకే రకం తేదీలు కావని వకీళ్లు అంటారు. ఒప్పుకుంటాను. కానీ అవతలి వైపు పడ్డవాడికి రెండూ ఒక్కటే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను కొత్త గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒక ముసలి జవాను తన పింఛను కాగితాల కోసం నా బల్ల దగ్గరకు వచ్చేవాడు. ముప్పై ఏళ్లు దాటిన సర్వీసు. కాగితాలు నా బీరువాలోనే ఉన్నాయి. వెతకడానికి బద్ధకం. "వచ్చే నెల రా" అన్నాను. మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే మాట. మూడోసారి చేతులు జోడించి, "బాంచెన్ దొరా, జర దయ చూడు" అన్నాడు. ఏ మాటను ఈ నేల మీద నుంచి పోగొట్టాలని అంతమంది చచ్చారో, ఆ మాట నా చేత అనిపించుకున్నాను. అప్పుడు నాకు సిగ్గు వేయలేదు. పెద్దవాణ్ణయినట్టు అనిపించింది. కాగితాలు ఆ రోజే తీసి ఇచ్చాను, దయ చూపినట్టు. నా పి.పి.ఓ. కోసం నేనే ఒక బల్ల ముందు నిలబడిన నాడు ఆ ముసలాయన గుర్తుకు వచ్చాడు.

తేదీలు ఆగలేదు. 2004 సెప్టెంబర్ 1 తర్వాత మన రాష్ట్రంలో చేరినవారికి పాత పింఛను లేకుండా చేశారు. 2025 మార్చిలో పార్లమెంటు ఆమోదించిన ఫైనాన్స్ చట్టంలో, కేంద్ర పెన్షనర్ల మధ్య రిటైరైన తేదీని బట్టి తేడా చూపే అధికారం ప్రభుత్వానికి ఉందని రాశారు. ఇది నకారా తీర్పుకే ఎసరని చాలా పెన్షనర్ల సంఘాలు అంటున్నాయి.

మా చిన్నవాడు 2006లో టీచరుగా చేరాడు. మొన్న దసరాకు వచ్చినప్పుడు, "నాయనా, మీ కోసం కేసు వేసిందెవరు?" అని అడిగాడు. నకారా అని ఒక రిటైరైన ముసలాయన అని చెప్పాను. "మరి మా కోసం వేసేటోళ్లు రిటైరయ్యేదాకా ఆగాల్నా?" అన్నాడు. జవాబు నాకు తట్టలేదు. మీలో ఎవరికైనా తడితే టీ తాగేటప్పుడు చెప్పండి. సంక్రాంతికి వాడు మళ్లీ వస్తాడు.