నేను ఓనోకి రాలేను

ఈరోజు నెహెమ్యా 6వ అధ్యాయం. బైబిల్ యాప్ ఓపెన్ చేయండి, నోటిఫికేషన్స్ మాత్రం ఆఫ్ చేయండి ప్లీజ్.

నెహెమ్యా ప్రవక్త కాదు, యాజకుడు కాదు. పర్షియా రాజుకి గిన్నె అందించే ఉద్యోగి. యెరూషలేము గోడ కూలిపోయి ఉందని విని ఏడ్చాడు, ప్రార్థన చేశాడు, రాజు దగ్గర సెలవు తీసుకుని మరీ వచ్చాడు. గోడ అయిపోయింది, గుమ్మాలకి తలుపులు పెట్టాలి. సరిగ్గా అప్పుడే సన్బల్లటు, గెషెము కబురు పంపారు, ఓనో మైదానంలో ఒకసారి కలుద్దామని. పైకి మర్యాద, లోపల హాని చేసే ప్లాన్. నాలుగుసార్లు పిలిచారు. పని ఆపి రాలేనని నాలుగుసార్లూ అదే జవాబు. సాకులు మార్చలేదు చూడండి, నాకు అదే నచ్చింది! గోడ 52 రోజుల్లో పూర్తయింది.

నా ఓనో ఏంటో చెప్పనా? జాబ్‌లో ఉన్నప్పుడు ఒక ఫ్రెండ్ రోజూ రాత్రి పదింటికి కాల్ చేసేవాడు. మేనేజర్ మీద కంప్లైంట్స్, గంటన్నర. నేను స్క్రిప్ట్ రాసుకునే టైమ్ కూడా అదే. వాడు సన్బల్లటు కాదు, మంచోడే. అందుకే నో చెప్పలేక ఆరు నెలలు "సిగ్నల్ లేదురా" అని అబద్ధాలాడాను. వాక్యం చెప్పే వీడియో కోసం అబద్ధాలు!

చివరికి నిజం చెప్పేశా. "ఒరేయ్, రాత్రుళ్లు కుదరదు. శనివారం పొద్దున్న ఎంతసేపైనా మాట్లాడదాం." హర్ట్ అయ్యాడు. రెండు వారాలు మెసేజ్ లేదు. నాకూ నిద్ర పట్టలేదు, తప్పు చేశానా అని. మూడో శనివారం నేనే కాల్ చేశా.

ఎత్తాడు.