చెవి ముందరి గడ్డ

గవదబిళ్లల వాపు వారము పది దినములలో దిగిపోవును. చెవి ముందు నొప్పిలేక నిలిచిన గడ్డ వేరు. అది లాలాజల గ్రంథిలో పుట్టినది కావచ్చును. ఇచ్చటి గడ్డలలో నూటికి సుమారు 80 కాన్సరు కానివే. అయినను ఏండ్ల తరబడి ఉపేక్షించినచో కొన్ని కాన్సరుగా మారును. త్వరగా పెరుగుట, నొప్పి, మూతి వంకరపోవుట దాని సూచనలు. దవడ క్రింద, నాలుక క్రింద నున్న గ్రంథులలో గడ్డలు అరుదు. కాని వానిలో కాన్సరు పాలు హెచ్చు.

ముఖమును కదలించు నరము చెవి ముందరి గ్రంథి నడుమనుండియే పోవును. గడ్డను మాత్రము తొలిచి తీసిన మరల మొలవవచ్చును. కావున శస్త్రవైద్యుడు నరమును కాపాడుచు, చుట్టునున్న గ్రంథిభాగముతో కూడ దానిని తొలగించును. కాన్సరైనచో కొందరికి పిదప రేడియేషను చికిత్సయు అవసరమగును.

డెల్టా గ్రామములనుండి గవర్నర్‌పేటకు బట్టలకో, సినిమాకో వచ్చినప్పుడైనను ఆ గడ్డను వైద్యునకు చూపుడు.