మనోవర్తి మాట కూర్చుని తేల్చుకోవచ్చు

(వెంబకోట్టైలో ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



చదువుల సభలో విడాకుల మాటేమిటని కొందరికి అనిపించవచ్చు. దరఖాస్తులో తండ్రి ఆదాయం అని ఒక గడి ఉంటుంది. తల్లిదండ్రులు విడిపోయిన ఇంట్లో పిల్లల కలం ఆ గడి దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఈ విషయం ఇక్కడ చెబుతున్నాను.

విడాకుల తర్వాత మనోవర్తి ఎంత అని కోర్టులో ఏళ్ల తరబడి పోరాడే బదులు, మధ్యవర్తి ముందు కూర్చుని తేల్చుకోవచ్చు. మన రాష్ట్రానికి ఇది కొత్త కాదు. కోర్టుకు అనుబంధంగా దేశంలో మొదటి మధ్యవర్తిత్వ కేంద్రం 2005 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టులోనే మొదలైంది. 2013 ఫిబ్రవరిలో, అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక జంట కేసులో, భార్యాభర్తల తగాదాలను కుటుంబ కోర్టులు మధ్యవర్తిత్వానికి పంపాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 1999లో పెళ్లయిన ఆ ఇద్దరి వ్యవహారం 15 లక్షల రూపాయల శాశ్వత మనోవర్తితో ముగియడానికి దాదాపు 14 ఏళ్లు పట్టింది.

మన ఊళ్లలో పెద్దమనుషుల పంచాయితీ ఉండనే ఉంది కదా అంటారు. అక్కడ పెద్దలు తీర్పు చెబుతారు. ఆడపిల్ల తరఫున అన్నో మేనమామో మాట్లాడతారు. మధ్యవర్తి తీర్పు చెప్పరు. ఇద్దరితో కలిపీ, విడివిడిగానూ మాట్లాడతారు. ఆమె మాట ఆమే చెప్పుకోవాలి, అదే నాకు నచ్చిన సంగతి. అక్కడ అన్న మాటలు కోర్టులో సాక్ష్యంగా పనికిరావు. కుదరకపోతే కేసు మళ్లీ కోర్టుకే వెళుతుంది, పోయేదేమీ లేదు.

అయితే లెక్క నిజంగా ఉండాలి. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం ప్రమాణపత్రంలో చూపాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మన వైపు బాణాసంచా, అగ్గిపెట్టెల పనుల్లో చేతికిచ్చే కూలికి చీటీ ఉండదు. కాబట్టి బ్యాంకు పాసుపుస్తకం, పొలం పట్టా, పిల్లల ఫీజు రసీదులు వెంట తీసుకువెళ్లండి.

ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవాలా, నెలనెలా తీసుకోవాలా? నెలకు 6,000 చొప్పున పదేళ్లకు 7,20,000 అవుతుంది. అవతలివారు క్రమంగా కడతారన్న నమ్మకం లేకపోతే, కొంత తగ్గినా ఒకేసారి తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. నెలనెలా అయితే, ఏటా ఎంత పెంచాలో కూడా రాయించుకోండి.

పిల్లల సంగతి వేరు. తల్లి తన మనోవర్తి వదులుకున్నా, పిల్లల హక్కును వదులుకోలేదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్ కింద పిల్లల పోషణ ఖర్చు మామూలుగా 18 ఏళ్ల వరకే. కాలేజీ ఫీజులు మొదలయ్యేదే అప్పుడు! ఇంజినీరింగైనా, నర్సింగైనా, హాస్టలుతో సహా ఎవరు ఎంత కట్టాలో ఒప్పందంలోనే రాయించండి. ఆ ఒప్పందాన్ని కోర్టు ఉత్తర్వులో చేర్పించండి. డబ్బు ఆగిపోతే వసూలుకు ఆ ఉత్తర్వే ఆధారం.

వకీలు ఫీజుకు భయపడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మన జిల్లా కోర్టు శ్రీవిల్లిపుత్తూరులో ఉంది. అక్కడి న్యాయ సేవల కార్యాలయంలో అడగండి. ఇక్కడ నలుగురిలో అడగలేనివారు భోజనాలయ్యాక నన్ను విడిగా కలవవచ్చు.