పాత ఆయిల్ ఇంజను: బాగుచేయించుటా? కొత్తది కొనుటా?

(చిలకలూరిపేట ప్రాంత రైతుల శిక్షణ సభలో చేసిన ప్రసంగ పాఠము)



1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిరి. కుడి కాలువ మన నల్లరేగడి పొలములకు తడి తెచ్చినది. అయినను మెరక పొలమునకు నీరు తనంతట తాను ఎక్కదు. కాలువ గట్టునగాని, వాగు ఒడ్డునగాని ఆయిల్ ఇంజను పెట్టి ఎత్తిపోసుకొనవలసినదే. మిరప కాయ కోతకు వచ్చిన దశలో ఇంజను ఆగినచో నష్టపోవునది ఇంజను కాదు, పంట. కావున పాత ఇంజనును విప్పి బాగుచేయించవలెనా, లేక కొత్తది కొనవలెనా అను ప్రశ్నను వేసవిలోనే తేల్చుకొనుట మేలు.

మొదట లోపము ఎచ్చట ఉన్నదో చూడుడు. నీరు తగ్గినదని ఇంజనును నిందించుట పరిపాటి. ఫుట్ వాల్వు కారుచున్నను, సక్షన్ గొట్టము గాలి పీల్చుచున్నను, పంపులోని చక్రము అరిగినను నీరు తగ్గును. పంపు తప్పును ఇంజనుకు అంటగట్టరాదు.

పిదప పొగ రంగు గమనింపుడు. నల్లపొగ వచ్చినచో బరువు ఎక్కువైనను, నాజిల్ చెడినను, గాలి వడపోత మూసికొనినను కావచ్చును. వీటికి ఇంజను మొత్తము విప్పనక్కరలేదు. ఇంజను వేడెక్కిన తరువాత కూడ నీలిపొగ ఆగకున్నచో కందెన నూనె మండుచున్నదని అర్థము. రింగులు, లైనరు అరిగియుండవచ్చును. ఆపిన ఇంజనును హ్యాండిలుతో మెల్లగా త్రిప్పుడు. చేతికి గట్టిగా ఎదురు తగలకున్నచో లోపల ఒత్తిడి నిలుచుట లేదు. అది రింగుల వలన గాని, వాల్వుల వలన గాని కావచ్చును. కందెన నూనె పాలవలె తెల్లబడినచో అందులో నీరు కలిసినదని తెలిసికొనుడు.

డీజిలు లెక్క కూడ వేయుడు. టాంకు ఒక గుర్తు వరకు నింపి, పంపు బరువుతో సరిగా ఒక గంట నడిపి, తిరిగి అదే గుర్తుకు కొలతపాత్రతో నింపుడు. మంచి స్థితిలోనున్న చిన్న డీజిలు ఇంజను గంటకు ఒక్కొక్క అశ్వశక్తికి సుమారు 190 గ్రాముల డీజిలు త్రాగును. అనగా 5 అశ్వశక్తుల ఇంజను నిండు బరువుతో గంటకు 950 గ్రాములు, దాదాపు 1 లీటరు 150 మిల్లీలీటర్లు. మీది 1 లీటరు 600 త్రాగుచున్నచో గంటకు 450 మిల్లీలీటర్లు వృథా. ఏడాదికి 300 గంటలు నడిపినచో 135 లీటర్లు! అయితే ఒక మాట. ఈ ఆదా కొత్త ఇంజనుకే దక్కునది కాదు. చక్కగా బాగుచేసిన పాతదానికిని దక్కును. ఇది ఊరకుండరాదని చెప్పు లెక్క మాత్రమే.

ఇక నిర్ణయము. పిస్టన్, రింగులు, బేరింగులు అరుగుటకే ఉన్నవి. లైనరు విడిగా ఊడివచ్చు ఇంజనులలో దానిని మార్చుట సులభము. క్రాంక్ షాఫ్టును మైక్రోమీటరుతో కొలిపించుడు. అరిగినచో 0.25 మిల్లీమీటర్లు, 0.50 మిల్లీమీటర్లు చొప్పున సానపట్టి, తగిన సైజు బేరింగులు వేయుదురు. ఇదివరకే పలుమార్లు సానపట్టినదైనచో ఇక లోహము మిగలదు. షాఫ్టుకు గాని, బ్లాకుకు గాని పగులున్నచో, విడిభాగములు దొరకకున్నచో పాతదానిపై సొమ్ము పెట్టవద్దు.

రెండింటికిని అవకాశమున్నప్పుడు ఏడాది ఖర్చును పోల్చుడు. కొత్త ఇంజను వెల ఒక రూపాయి అనుకొందము. అది 12 ఏండ్లు నడచినచో ఏడాదికి సుమారు 8 పైసలు. బాగుచేతకు 30 పైసలై 6 ఏండ్లు నడచినచో ఏడాదికి 5 పైసలే, బాగుచేయించుట లాభము. బాగుచేతకు 40 పైసలై 4 ఏండ్లే నడచినచో ఏడాదికి 10 పైసలు, కొత్తది లాభము. కొత్తదానిని అప్పుచేసి కొనినచో వడ్డీని దాని వెలకు కలుపుడు. పాతదానిని అమ్మగా వచ్చు సొమ్మును తీసివేయుడు. మెకానికు చెప్పిన తొలి మాటను బట్టి గాక, ఇంజను విప్పి కొలిచిన తరువాత వ్రాసియిచ్చిన అంచనాను బట్టి ఈ లెక్క వేయుడు.

బాగుచేయించినపుడు మార్చిన పాత భాగములను అడిగి తీసికొనుడు. మొదటి కొద్ది రోజులు నిండు బరువు వేయక నడిపి, కందెన నూనెను త్వరగా ఒకసారి మార్చుడు. మన రేగడి దుమ్ము రింగులకు ఆకురాయి వంటిది. గాలి వడపోతను తరచు శుభ్రము చేయనిచో కొత్త ఇంజనైనను త్వరలోనే పాతదగును.

పంట మధ్యలో ఇంజను ఆగిపోయినచో తొందరపడి అధిక వడ్డీకి అప్పు తేవలదు. ఇరుగుపొరుగు రైతు ఇంజనును గంటల లెక్కన అద్దెకు తెచ్చి ముందు పంటకు తడి ఇచ్చుడు. తడి తప్పిన పూత తిరిగి రాదు. ఇంజను సంగతి కోతలైన పిదప నిదానముగా తేల్చుకొనవచ్చును.