పేరు వేయవద్దన్న మిత్రుడు

(సంఘ వార్షిక సభలో చదివిన ప్రసంగం)



మా మిత్రుని గురించి నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు మేము వెనకాడాము. తన పేరు సావనీరులో వేయవద్దని ఆయన బ్రతికుండగానే మా దగ్గర మాట తీసుకున్నారు. కనుక చెప్పము. మీలో చాలామందికి తెలిసిందే.

1970లలో వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మేము నలుగురం ఎం.కాం. చదివాము. మేము ముగ్గురం ఉద్యోగాలకు పోయాము. ఆయన గుంటూరు వచ్చి తండ్రిగారి మిరప వ్యాపారంలో కూర్చున్నారు. "ఎం.కాం. చదివి మిరప టిక్కీలు లెక్కపెట్టడమేమిటి భాయ్?" అని నవ్వాము.

ఆ చదువు జకాత్ లెక్కలో కనిపించేది. ప్రతి రంజానులో సరుకుకు ఆనాటి బజారు ధర కట్టి, రొక్కమూ వసూలయ్యే బాకీలూ కలిపి, తాను తీర్చవలసిన అప్పులు తీసివేసి, నలభైలో ఒక వంతు విడిగా పెట్టేవారు. కొట్టు, కాటా లెక్కలోకి రావు. రాని బాకీ మాఫీ చేసి అదే జకాత్ అనుకునే వర్తకులున్నారు గదా! ఆయన ఒప్పుకొనేవారు కాదు. "మునిగిన డబ్బుతో అల్లాహ్ బాకీ తీరుస్తామా?" అనేవారు. తోపుడు బండ్లవారికిచ్చే కర్జె హసనాకు వేరే డబ్బు, వేరే పుస్తకం. 2007లో 4 శాతం రిజర్వేషను చట్టం వచ్చాక, సీటొచ్చినా మెస్సు బిల్లు కట్టలేని పిల్లల కోసం మూడో పుస్తకం తెరిచారు.

ఒక సంగతి దాచకూడదు. ఒక యేడు ఇదే వేదికపై కుట్టుమిషన్లు పంచుతూ, ఒక వితంతు సోదరిని ఫోటో కోసం రెండోసారి నిలబెట్టాము. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కున్నది. ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆరు నెలలు మాతో సరిగ్గా మాట్లాడలేదు, డబ్బు పంపడం మాత్రం మానలేదు. మాకూ కోపం వచ్చింది. ఫోటో లేకపోతే చందాలెలా వస్తాయి? మరుసటి యేటి నుంచి మిషన్లు ఇళ్ళకే పంపాము. చందాలు కొంత తగ్గాయి కూడా. ఆ చిక్కు మాకింకా తీరలేదు.

ఆయన పోయాక కుమారుడు అప్పుల పుస్తకం తెచ్చి, ఇంకా రావలసినవి ఎవరెవరివో చూడమన్నాడు. తెరవకుండానే తిరిగి యిచ్చాము.

అల్లాహ్ మా మిత్రునికి మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.