పాత బండికి నిజమైన వయసు

ఈ ఉదయం ఒక పాత కారును గూర్చి మీతో మాట్లాడాలని ఆశిస్తున్నాను. కారు మీద ప్రసంగమేమిటని అనుకోకండి, కొంచెం ఓపికతో వినండి.

మీ ఇంటి వెనుక రేకుల షెడ్డులో నాన్నగారు నడిపిన అంబాసిడర్ దుమ్ము పట్టి ఉందనుకోండి. ఆయన పోయాక దానికి ఎవరూ తాళం పెట్టలేదు. ఇప్పుడు దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని మీ కోరిక. మొదట ఏం చేస్తారు? చాలామంది తిన్నగా పెయింటర్ దగ్గరికి వెళ్తారు. రంగు పడగానే బండి కొత్తదైనట్టు కనిపిస్తుంది, లోపల తుప్పు మాత్రం అలాగే ఉంటుంది.

నెహెమ్యా అలా చేయలేదు. యెరూషలేము చేరిన మూడు దినముల తరువాత, కొద్దిమందిని వెంటబెట్టుకొని రాత్రివేళ బయలుదేరి, కూలిన ప్రాకారములను, కాలిపోయిన గుమ్మములను పరీక్షించాడు. కట్టే మాట జనులతో ఎత్తింది ఆ తరువాతే. బాగుచేయాలనుకునేవాడు ముందు ఉన్నది ఉన్నట్టు చూడాలి.

మీ బండి ఏ సంవత్సరానిది? అంబాసిడర్ 1950ల చివర వచ్చింది. 1963లో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 వచ్చాయి. 2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో తయారీ ఆగిపోయింది. ముందున్న గ్రిల్ చూసి వయసు చెప్పేయకండి. గ్రిల్ బోల్టులు విప్పి మార్చుకోగలిగిన వస్తువు. ఆర్.సి. పుస్తకం తీయండి. అందులోని ఛాసిస్ నంబరు, బండి మీది నంబరు అక్షరం తప్పకుండా కలుస్తున్నాయా? ఇంజన్ నంబరు కలవకపోతే ఎప్పుడో ఇంజన్ మార్చారన్నమాట. పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ వేయించినవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు.

ప్రియులారా, శోధన ఇక్కడే ఉంది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో నిబంధనలు తెచ్చింది. వాటి నంబరులో 'వి.ఎ.' అనే అక్షరాలుంటాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుండి వయసు లెక్కిస్తారు. 1978లో రిజిస్టరైన బండికి 2028 వరకు ఆ అర్హత రాదు. అప్పుడు ఒకడు మీ చెవిలో అంటాడు: "తుక్కులో పడిన పాత బండి పుస్తకం ఇప్పిస్తాను, నంబరు గీకేసి ఇది కొట్టించుకోండి సార్." చట్టానికి అది నేరం. దాని కంటే బాధాకరమైన సంగతి మరొకటుంది. నాన్నగారి జ్ఞాపకమని నిలబెట్టదలచిన బండికి ఆ క్షణం నుండి వేరొకరి బండి పేరు అంటుకుంటుంది. మీ పిల్లలు ఆ అబద్ధాన్నే తాతగారి ఆస్తిగా అందుకుంటారు.

విడిభాగాలకు వెదకాలి, తిరగాలి. కలకత్తా మల్లిక్ బజార్, చెన్నై పుదుపేట పాత సామానుకు పేరుపడినవి. మన విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. పాత 1489 సి.సి. ఇంజన్ ఇంగ్లండులో మోరిస్, ఎం.జి. కార్లకు వేసిన వంశానిదే కనుక, దాని సామాను కొంత అక్కడా దొరుకుతుంది. అయితే ఒక జాగ్రత్త. ఆ ఇంజన్ అంగుళాల కొలతల కాలం నాటిది. మిల్లీమీటరు బోల్టు దొరికింది కదా అని బలవంతంగా బిగిస్తే మర చెడిపోతుంది. పట్టినట్టే కనిపించేదంతా సరిపోయేది కాదు.

దొరకని భాగాన్ని లేత్ మీద చేయించుకోండి, తప్పు లేదు. తలుపుల రబ్బరు బీడింగ్ కొత్తది వేయండి. బ్రేకుల దగ్గర మాత్రం పాతదనే మమకారం వద్దు. కానీ నాన్నగారి చేతులకు అరిగిన స్టీరింగ్‌ను తీసి పారేయకండి. ఒక పుస్తకం పెట్టి ఏది పాతది, ఏది మార్చాము, ఎక్కడ తెచ్చాము, ఏ తేదీన బిగించాము అన్నీ వ్రాయండి. రేపు మీ కుమారుడు బానెట్ ఎత్తినప్పుడు మీరు ఏమీ దాచలేదని ఆ పుస్తకమే అతనికి చెబుతుంది.

బాగుచేసే ఓపికను, ఉన్నది ఉన్నట్టు చెప్పే ధైర్యాన్ని ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.